ఉమ్‌గేని ఒడ్డున ఈత

మన సభల్లో ఓడల ప్రసక్తి రాని రోజుండదు. ఏ ఓడ ఏ సంవత్సరం వచ్చింది, ఎంతమందిని తెచ్చింది, మన ముత్తాతగారి గిరిమిటు నంబరు ఎంత అనే సంగతులు పిల్లలకు చెబుతున్నాము, కొందరిచేత కంఠస్థం కూడా చేయిస్తున్నాము. మంచిదే. కాని సముద్రం దాటి వచ్చిన ఆ మనుషులకు ఈత వచ్చునా అని ఎవరైనా అడగగా నేను వినలేదు. నాకూ ఆ ఆలోచన రాలేదు. మొన్నటి సెలవుల్లో మా మనుమరాలు, "తాతా, నీకు ఈత ఎవరు నేర్పారు?" అని అడిగినప్పుడు మాత్రం ఒక్క మాటలో జవాబు చెప్పబోయి ఆగిపోయాను. మా మామ నేర్పాడని చెబితే సరిపోదు. నది సంగతి చెప్పాలి, వరద సంగతి చెప్పాలి, ఒక చట్టం సంగతి చెప్పాలి. ఒడ్డునే నిలబడిపోయిన మా అక్క సంగతి కూడా చెప్పాలి. ఆ జవాబు మన పిల్లలందరికీ పనికివస్తుందని తోచి ఇక్కడ రాస్తున్నాను.

నది ఒడ్డుకు ఎలా చేరాము

మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుండి 342 మందితో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అప్పటి నుండి 1911 వరకు మొత్తం 1,52,184 మంది గిరిమిటు మీద నేటాలుకు వచ్చారు. వారిలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవారే. మన తెలుగువారు విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుండి, ఇటు ఉత్తర ఆర్కాటు, నెల్లూరు ప్రాంతాల నుండి వచ్చారు. చెరువులు, కాలువలు, ఏళ్ళు, సముద్రం ఎరిగిన నేలలివి. అక్కడ పిల్లవాడికి నడక వచ్చిన కొన్నేళ్ళకే ఈత వచ్చేది. ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టి చెరువులో దింపడం అక్కడి పద్ధతి. ఆ పద్ధతి కూడా మనవాళ్ళతో పాటు ఓడెక్కి వచ్చింది. దాన్ని ఏ రిజిస్టరులోనూ ఎవరూ రాసుకోలేదు.

గిరిమిటు అయిదేళ్ళు. అది తీరాక కొందరు తిరిగి వెళ్ళారు, కొందరు మళ్ళీ సంతకం పెట్టారు, చాలామంది ఇక్కడే నిలిచి కూరగాయల సాగుకు దిగారు. డర్బన్ నగరానికి ఉత్తరంగా ఉమ్‌గేని నది సముద్రంలో కలిసే ముందు వెడల్పయిన పల్లపు నేల ఉంది. దాన్ని స్ప్రింగ్‌ఫీల్డ్ ఫ్లాట్స్ అంటారు. ఒండ్రు మట్టి, పక్కనే నీరు, నాలుగు మైళ్ళ లోపల సంత. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క వరద భయం తప్ప. ఆ భయం ఉన్నందువల్లనే ఆ నేల మనవాళ్ళకు అందుబాటులోకి వచ్చింది. మెట్ట మీది మంచి స్థలాలు మనకు ఎవరిస్తారు? మా తాత అక్కడే కౌలుకు భూమి తీసుకుని బీన్సు, వంకాయ, కొత్తిమీర, అరటి పెంచాడు. నేను 1946లో ఆ నది ఒడ్డునే పుట్టాను.

మామ పాఠం

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అంటే 1955 వేసవిలో, మా మేనమామ నన్ను నీళ్ళలో దింపాడు. ఇక్కడి వేసవి అంటే డిసెంబరు నెల. బడికి సెలవులు. తెల్లవారు లేచి తోటకు నీళ్ళు మోయడం మా పని. రెండు చేతులా రెండు డబ్బాలు పట్టుకుని నదికీ మడులకూ మధ్య తిరగాలి. ఆ పని పూర్తయితేనే ఈత.

సొరకాయ బుర్రలు కట్టే రోజులు అప్పటికి పోయాయి. గెల కోసిన అరటి బోదెలు మా దగ్గర కావలసినన్ని. రెండు బోదెలు పక్కపక్కన పెట్టి కొబ్బరి తాడుతో కట్టి, వాటి మీద నన్ను బోర్లా పడుకోబెట్టాడు మామ. మొదటి వారం కాళ్ళు ఆడించడం ఒక్కటే. రెండో వారం ఒక బోదె తీసేశాడు. మూడో వారం మిగిలినదీ లాగేసి తన అరచెయ్యి నా పొట్ట కింద పెట్టాడు. ఆ చెయ్యి ఎప్పుడు తీశాడో నాకు తెలియదు. వెనక్కు తిరిగి చూసేసరికి మామ పది గజాల దూరంలో నిలబడి నవ్వుతున్నాడు. నేను వెంటనే మునిగిపోయాను. జుట్టు పట్టి పైకి లాగి, "నీళ్ళతో పోట్లాడకురా. పోట్లాడితే అది గెలుస్తుంది. దాని మీద పడుకో, మోస్తుంది," అన్నాడు.

ముందు కుక్క ఈత వచ్చింది. తరువాత బారలు వేయడం, వెల్లకిలా తేలడం, ముక్కు మూసుకుని మునక వేయడం. అయితే అసలు పాఠం ఈత కాదు, నదిని చూడడం. ఉమ్‌గేని ఇసుక నది. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ గుంట పడుతుంది. నీటి రంగు మారితే, కొమ్మలూ ఆకులూ కొట్టుకు వస్తుంటే, ఇక్కడ ఎండ కాస్తున్నా సరే పైన ఎక్కడో వాన కురిసినట్లు. వెంటనే ఒడ్డెక్కాలి. ఊబి ఎక్కడుందో మాకు చూపించినవాళ్ళు ఆవలి ఒడ్డు నుండి వచ్చే జూలూ పిల్లలు. వాళ్ళు పొడుగాటి కర్రతో ఇసుకను పొడుస్తూ ముందు నడిచేవారు, మేము వెనక. మా తెలుగు వాళ్ళకు రాదు, వాళ్ళ జూలూ మాకు అంతంత మాత్రమే. "అమాంజి" అంటే నీళ్ళు అని నేర్చుకున్నాను. ఆ ఒక్క మాటతో ఒక వేసవంతా గడిచిపోయింది.

మా అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆమె ఒడ్డున కూర్చుని మా చొక్కాలకు కాపలా కాసేది. తనకూ నేర్పమని ఒకసారి మామను అడిగింది. ఆయన తల అడ్డంగా ఆడించలేదు, నిలువుగానూ ఆడించలేదు. అవ్వ మాత్రం, "ఆడపిల్లకు ఈతెందుకే? తడిసిన చీరతో ఊళ్ళో తిరుగుతావా?" అంది. అంతటితో ఆ మాట ముగిసింది. నీళ్ళు మోయడం మాత్రం నాతో సమానంగా అక్కే మోసింది. ఇది ఆనాడు మా ఎవరికీ వింతగా తోచలేదు.

నది తీసుకున్నవి

నదిని పొగుడుతూ రాయడం తేలిక. కాని మా బడిలో నా పక్క బెంచీ మీద కూర్చునే పిల్లవాడు 1957లో ఇసుక తవ్విన గుంటలో పడి పోయాడు. ఇళ్ళు కట్టడానికి నదిలో ఇసుక తవ్వి లారీల్లో తీసుకుపోయేవారు. ఆ గుంటల్లో నీరు నిండితే పైకి ఏమీ తెలియదు. దిగితేగాని లోతు తెలియదని మనకు సామెత. వాడికి ఆ లోతు తెలిసినా చెప్పడానికి వాడు మిగలలేదు. వాడికి ఈత నేర్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. తండ్రి మిల్లులో, తల్లి సంతలో. ఆ తరువాత రెండు నెలలు మా అమ్మ నన్ను నది వైపు పోనివ్వలేదు. మామ వచ్చి, "ఈత వచ్చినవాడిని ఆపుతున్నావు. రానివాడిని ఆపాలి గాని," అని ఆమెకు నచ్చజెప్పాడు.

రెండోది జబ్బు. మా ఈడు మగపిల్లల్లో చాలామందికి మూత్రంలో నెత్తురు పడేది. పెద్దవాళ్ళు వేడి చేసిందని మజ్జిగ తాగించేవారు. అది బిల్‌హార్జియా. నెమ్మదిగా పారే నీటిలో ఉండే ఒక రకం నత్తల నుండి వెలువడిన సన్నని పురుగులు చర్మం గుండా ఒంట్లో ప్రవేశిస్తాయి. నేటాలు నదుల్లో అది సర్వసాధారణం. ఆ రోజుల్లో దానికి వరసగా సూదులు వేసేవారు. సూది కంటే దాని తరువాత వచ్చే వాంతులు ఎక్కువ బాధించేవి. ఇప్పుడు మాత్రలతో నయమవుతుంది. మంచి నీళ్ళ కొలనులో ఈదిన పిల్లలకు ఆ జబ్బు రాలేదు. మాకు కొలను లేదు గనుక వచ్చింది.

1917 వరద

మా తాత సాయంత్రాలు నది వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. ఎందుకని అడిగితే చాలాకాలం చెప్పలేదు. నాకు ఈత వచ్చాక చెప్పాడు.

1917 అక్టోబరు నెలాఖరున ఎడతెగని వానలకు ఉమ్‌గేని ఒడ్లు దాటి స్ప్రింగ్‌ఫీల్డ్ ఫ్లాట్స్ అంతా పరచుకుంది. రాత్రి నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోయారు. లేచినవాళ్ళు ఇళ్ళ కప్పులెక్కారు, చెట్లెక్కారు. రేకు కప్పులు మనుషులతో సహా సముద్రం వైపు కొట్టుకుపోయాయి. వందల మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది గిరిమిటు తీరి తోటలు వేసుకున్న మన భారతీయులే. తాతకు అప్పుడు పాతికేళ్ళు. తనకు ఈత బాగా వచ్చు. భార్యనూ చంటిబిడ్డనూ మెట్ట మీదికి చేర్చి తమ్ముడి కోసం వెనక్కు వెళ్ళాడు. తమ్ముడు కనిపించలేదు. ఆ వేగంలో ఈత ఏ పనికీ రాలేదని, చెట్టు కొమ్మ దొరకడం వల్ల తాను బతికానని తాత చెప్పేవాడు.

ఆ రోజు మనుషులను కాపాడింది ఒక పడవ. మారిముత్తు పడవతన్ అనే ఆయన, మరి అయిదుగురు మనవాళ్ళు కలిసి ఆ వరదలోకి చిన్న పడవ వేసుకుని మళ్ళీ మళ్ళీ వెళ్ళి 176 మందిని ఒడ్డుకు చేర్చారు. పడవతన్ ఆరుగురు అని చరిత్రలో వారికి పేరు. వారు తమిళులు. అయినా మన తెలుగు చెవికి ఆ పేరులోనే పడవ వినిపిస్తుంది. వారు తెచ్చినవారిలో తెలుగువారెందరో, తమిళులెందరో, హిందూస్తానీలెందరో ఎవరూ లెక్కపెట్టలేదు. పెట్టవలసిన అవసరమూ లేదు. ఈతతో ఒకడు తన్ను తాను కాపాడుకోవచ్చు, పడవ తెలిసినవాడు పదిమందిని కాపాడగలడు అని తాత మాటల సారాంశం. రెండింటికీ మూలం ఒకటే. నీటిని ఎరిగి ఉండాలి.

నాలుగు మైళ్ళ అవతల సముద్రం

ఉమ్‌గేని మా తోటల దగ్గర నుండి ఇంచుమించు నాలుగు మైళ్ళు పారి సముద్రంలో కలుస్తుంది. నీరు వెళ్ళినంత సులభంగా మేము వెళ్ళలేకపోయాము. డర్బన్ తీరంలో మంచి రేవులన్నీ తెల్లవారివి. భారతీయులకని ఒక పక్కన కొంత చోటు విడిచిపెట్టారు. ఈ ఏర్పాటు ముందు నుంచీ ఉన్నదే అయినా 1953లో వచ్చిన ప్రత్యేక సదుపాయాల చట్టం దానికి గట్టి ముద్ర వేసింది. 1960లో ఆ చట్టాన్ని సవరించి సముద్రతీరాన్నీ తీరం పక్క సముద్రాన్నీ కూడా అందులో చేర్చారు. అంటే ఇసుకకే కాదు, అలకు కూడా జాతి వచ్చింది.

నా పదహారో ఏట నేనూ ఇద్దరు మిత్రులూ ఈదుతూ ఈదుతూ మా చోటు దాటి అవతలికి పోయాము. నీటిలో గీత ఉండదు గదా. ఒడ్డెక్కగానే ఒక అధికారి ఈల ఊది పిలిచి, బోర్డు చదవడం రాదా అని అడిగాడు. చదువు వచ్చునన్నాను. దానికి చెంప మీద ఒకటి ఇచ్చి పంపాడు. మా చొక్కాలు అవతల ఉండిపోయాయి. వాటి కోసం నీళ్ళలో కాకుండా రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్ళాము. ఆ సంగతి ఇంట్లో అక్కకు ఒక్కదానికే చెప్పాను. "నిన్ను ఈదనివ్వనిది వాడు. నన్ను ఈదనివ్వనిది మీరు," అంది. అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు నవ్వు రాదు.

కొలను, క్రీడ, నిషేధం

గ్రూప్ ఏరియాస్ చట్టం 1950లో వచ్చింది. దాని కింద 1960ల దశకంలో మా కుటుంబం నది వదిలి చాట్స్‌వర్త్ చేరింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మిగిలిన పేదలు టిన్ టౌన్ అనే రేకుల వాడలో ఉండేవారు. 1976లో మళ్ళీ వరద వచ్చి ఆ వాడను ముంచింది. వారిని అప్పుడే కడుతున్న ఫీనిక్స్‌కు తరలించారు. వరద బాధ తప్పింది, నిజమే. కాని ఒక తరం పిల్లలు నదికీ సముద్రానికీ దూరంగా, కొండ మీది వరస ఇళ్ళలో పెరిగారు. మా ఇంటికి నడిచి వెళ్ళే దూరంలో కొలను లేదు. నా పిల్లలకు ఈత నేర్పడానికి ఆదివారం రెండు బస్సులు మారి వెళ్ళవలసి వచ్చింది. అరటి బోదె కట్టి దింపడానికి నీళ్ళేవి?

ఇదే దేశంలో 1965లో కేరెన్ మ్యూర్ అనే కింబర్లీ బాలిక పన్నెండేళ్ళ వయస్సులో ఇంగ్లండులో వెల్లకిల ఈతలో ప్రపంచ రికార్డు స్థాపించింది. ఆ పిల్ల ప్రతిభను తక్కువ చేయనక్కరలేదు. వర్ణవివక్ష కారణంగా దేశాన్ని ఒలింపిక్స్ నుండి తప్పించడం వల్ల ఆమెకూ ఆ భాగ్యం దక్కలేదు. కాని మన పేటల్లో అలాంటి పిల్లలు ఎందరు ఉండి ఉంటారో చెప్పే గడియారం ఎవరి చేతిలోనూ లేదు.

ఆ అన్యాయాన్ని ఊరికే భరించనివారు కూడా మనలో ఉన్నారు. వర్ణభేదం పాటించని ఈత సమాఖ్యకు అధ్యక్షుడుగా మోర్గన్ నాయుడు గారు పనిచేశారు. అందరికీ సమానంగా కొలను తెరవనంతవరకు ఈ దేశాన్ని అంతర్జాతీయ పోటీలకు రానివ్వవద్దని ఆయన ప్రపంచానికి చెప్పారు. 1973లో ప్రభుత్వం ఆయన మీద నిషేధాజ్ఞ విధించింది. అసహజమైన సమాజంలో సహజమైన క్రీడ ఉండదు అన్నది ఆనాటి ఉద్యమ నినాదం. దక్షిణాఫ్రికా ఈతగాళ్ళు ఒలింపిక్స్‌లో మళ్ళీ కనిపించింది 1992లో, బార్సిలోనాలో.

అక్క నీళ్ళలో దిగిన రోజు

1989 సెప్టెంబరు 3న వేలాది మంది అన్ని జాతులవారు కలిసి డర్బన్‌లో తెల్లవారికి ప్రత్యేకించిన తీరానికి నడిచి వెళ్ళి నీళ్ళలో దిగారు. అదే సంవత్సరం నవంబరు 16న అధ్యక్షుడు డి క్లెర్క్ తీరాలన్నీ అందరికీ తెరుస్తున్నామని ప్రకటించాడు. ఆ తేదీ గమనించండి. ట్రూరో ఓడ మనవాళ్ళను ఈ తీరానికి తెచ్చింది కూడా నవంబరు 16నే. వచ్చిన తీరంలో స్వేచ్ఛగా కాలు తడుపుకోవడానికి సరిగ్గా 129 సంవత్సరాలు పట్టింది. ప్రత్యేక సదుపాయాల చట్టాన్ని 1990 అక్టోబరులో రద్దు చేశారు.

ఆ డిసెంబరులో అక్కను తీసుకుని అదే తీరానికి వెళ్ళాము. ఆమెకు అప్పటికి నలభై ఏడేళ్ళు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని మోకాలి లోతు వరకు వచ్చి నిలబడింది. అల వచ్చి నడుము దాకా తడిపింది. "తడిసిన చీరతో ఊళ్ళో తిరుగుతానేమో," అని నవ్వింది. తరువాత, "నేర్పుతావా?" అని అడిగింది. అంత అలల్లో నేర్పడం కుదరదని, ఆ పక్క ఆదివారం నుండి కొలనుకు తీసుకువెళ్ళాను. మామ చెప్పిన మాటే చెప్పి పొట్ట కింద అరచెయ్యి పెట్టాను. వెల్లకిలా తేలడం వచ్చింది. బారలు వేయడం మాత్రం చివరిదాకా రాలేదు. తొమ్మిదో ఏట మూడు వారాల్లో వచ్చేది ఆ వయస్సులో ఎక్కడ వస్తుంది? ఆమె పోయి ఇప్పటికి పదేళ్ళు దాటింది.

ఒక విజ్ఞప్తి

2022 ఏప్రిల్ 11, 12 తేదీల్లో డర్బన్ చుట్టుపక్కల కురిసిన వానలకు నాలుగు వందలకు పైగా జనం చనిపోయారు. మళ్ళీ ఎక్కువగా పోయింది పల్లాల్లో, వాగుల గట్ల మీద గుడిసెలు వేసుకున్న పేదలే. 1917లో అక్కడ మనం ఉన్నాము, ఇప్పుడు ఎక్కువగా నల్లజాతి సోదరులున్నారు. నేల మారలేదు, ఉండేవారు మారారు. కొండచరియ విరిగి పడినప్పుడు ఈత ఎవరినీ రక్షించదు. ఆ మాట నాకు తెలుసు. తాత కూడా అదే చెప్పాడు. కాని వరద ఏడాదికో పదేళ్ళకో వస్తుంది. గుంట, కాలువ, కొలను, అల మాత్రం ప్రతి సెలవుకూ మన పిల్లల ముందు ఉంటాయి.

ఇదే ఉమ్‌గేని మీద ఎగువన మిడ్‌మార్ ఆనకట్ట ఉంది. 1974లో మొదలైన మైలు ఈత పోటీ ఏటా అక్కడ జరుగుతుంది. వేలమంది పాల్గొంటారు. మా మనుమరాలు వచ్చే ఏడాది దానికి పేరు ఇస్తానంటోంది. అందుకే ఆ ప్రశ్న అడిగింది. మా తాత వీపు పెట్టి కూర్చున్న నది అది. దానికి ఎదురుగా వెళ్ళి ఈదుతానంటే నేను వద్దనలేదు.

మన పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పడానికి, పాటలు నేర్పడానికి ఆదివారం బడులు నడుపుతున్నాము. 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించిన పెద్దల ఆశయం అదే. ఆ ఆదివారాల్లో నెలకొకటి కొలనుకు కేటాయించమని నా కోరిక. ఈత వచ్చిన పెద్దలు మనలో ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. పొట్ట కింద అరచెయ్యి పెట్టడానికి రుసుము అడగరు. పిల్లలకు ఈత నేర్పండి. ఆడపిల్లలకు ముందు నేర్పండి.